లోటుంటే చెప్పండి

శ్రీవారికి,

పిల్లలూ నేనూ బాగున్నాం. ఈసారి ఆ మాట నిజంగానే రాస్తున్నాను. ఓడలో మీ నడుంనొప్పి తగ్గిందని తలుస్తాను. పెద్దది లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. చిన్నోడికి ముందు పన్ను ఊడింది, నవ్వితే చూడాలి వాణ్ణి.

ఫొటోలో వాడి చేతికి ఆ కట్టేమిటని అడిగారు. ఆసుపత్రి లాండ్రీలో నాకు తెల్లవారుజాము డ్యూటీ పడింది కదా. పిల్లలు వాళ్లంతట వాళ్లే లేచి బడికి పోయేవాళ్లు. ఒకరోజు పాలు కాచుకోబోయి వాడు చెయ్యి కాల్చుకున్నాడు. పుండు మానుతోంది, కంగారుపడకండి. కానీ టీచరు చూసి పిల్లల సంక్షేమశాఖకు చెప్పింది.

ఆ శాఖ ఆఫీసరమ్మ ఇంటికొచ్చింది. పిల్లల్ని తీసుకెళ్లి ఎవరింట్లోనో పెంపకానికి పెడతారని విన్నాం కదా. అందుకే వంటిల్లు, పక్కలు అన్నీ చూపించి, "మాకేం లోటు లేదండీ" అని పదిసార్లు చెప్పాను.

ఆవిడ నిట్టూర్చింది. "ఇదివరకైతే పిల్లల్ని తీసుకెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు పద్ధతి మారింది, ముందు ఇంటికి సాయం చేసి చూడాలి. లోటే లేదంటే నేనేం సాయం చెయ్యనమ్మా? వాడి చెయ్యి కాలడం మాత్రం నిజం కదా. పొద్దున పూట పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. మీవాళ్లెవరూ లేరా?" అంది.

పొగరుకు పోయి పిల్లల్ని పోగొట్టుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. కోపమొచ్చినా సరే, పూర్తిగా చదవండి. మీ అమ్మగారిని నేనే పిలిచాను. ఆ సాయంత్రం బస్సుకే వచ్చేశారు. బస్సు చార్జీ, ఆవిడకో మంచం ఆఫీసువాళ్లే ఇచ్చారు. నేను తోమిన గిన్నెలు మళ్లీ తోముతారు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారో నాకింతవరకూ దొరకలేదు. ఒళ్లు మండిపోతుంది. అయినా నేను డ్యూటీకి బయల్దేరేటప్పుడు చూస్తే, చిన్నోడు ఆవిడ మీద కాలేసి నిద్రపోతుంటాడు. నిన్న ఆఫీసరమ్మ మళ్లీ వచ్చి, అత్తయ్య ఉన్నంతకాలం పిల్లలు ఇక్కడే ఉండొచ్చని చెప్పి వెళ్లింది. నేను కూలబడి ఏడ్చేశాను. అత్తయ్య మంచినీళ్లు తెచ్చిచ్చారు.

పెళ్లిలో ఆవిడ నన్నన్న మాటకు మీరు మళ్లీ ఆవిడ మొహం చూడనన్నారు. నా కోసమే, కాదనను. కానీ ఆ మాట పడింది నేను. మర్చిపోయే హక్కూ నాదే.

మీరు సెలవుకు వచ్చిన రోజు తలుపు తీసేది ఆవిడే. మనసు నొచ్చుకుని ఆవిడ వెళ్లిపోతే పిల్లలూ ఈ ఇంట్లో ఉండరు. "అమ్మా" అని పిలిచి లోపలికి రండి.

ఇట్లు,
మీ ఇంటావిడ