కండువా కొస పట్టుకో

కోటేశ్వరీ,

పేరు పెట్టి రాస్తున్నానని ఆశ్చర్యపోకు. నలభై నాలుగేళ్ళ కాపురంలో "ఇదుగో", "ఏమేవ్" తప్ప నిన్ను పేరుతో పిలిచి ఎరగను. ఎందుకు పిలవాల్సి వచ్చిందో చెబుతాను. నువ్వు పోయి ఏడాది మీద రెండు నెలలయింది. ఇక్కడ అమెరికాలో, క్యారీలో అందరం బాగానే ఉన్నాం. నీ కరివేపాకు కుండీని చలికి తట్టుకోదని మన పద్మ ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టింది.

నాది ఐదో తరగతి చదువు. ఉత్తరం అంటే నాలుగు ముక్కలు రాసేసరికే చెయ్యి ఆగిపోతుంది. అయినా ఇది రాయాలి.

పోయిన నెల మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆఫ్రికాలో, డర్బన్‌కి పైన, సముద్రం ఒడ్డున... కిందటేడాది అందరం చూడటానికి వెళ్ళినప్పుడు నువ్వు కన్నుమూసిన ఊరే. నేనే అడిగాను పద్మని. నోరు తెరిచి దాన్ని ఏదీ అడగని మనిషిని కదా. ఎందుకని అడగకుండా లీవ్ పెట్టి టికెట్లు బుక్ చేసింది. పిల్లని తను చూసుకుంటానన్నాడు అల్లుడు.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నీ అస్థికలు అప్పుడే డర్బన్ సముద్రంలో కలిపాం. అక్కడి మనవాళ్ళు, తాతల నాడు చెరకు తోటల్లో పనికి పోయినవాళ్ళు, అన్నీ దగ్గరుండి జరిపించారు. వాళ్ళకి తెలుగులో మాట్లాడటం రాదు గాని, నీ కోసం భజన మాత్రం తెలుగులోనే పాడారు. ఏ లోటూ జరగలేదు. అయినా నాకు ఒకటే గుబులు. నువ్వు ఒక్కదానివే పక్క వీధికి కూడా వెళ్ళేదానివి కాదు. నిన్ను ఆ ఊళ్ళో వదిలేసి నేను విమానం ఎక్కాను. దారి తెలియక అక్కడే కూర్చుండిపోయావేమో...

ఆ చివరి సాయంత్రం గుర్తుందా? పడవలో తిప్పి నీటిగుర్రాలని చూపించారు. బురదలో మునిగి చెవులు ఆడిస్తుంటే నువ్వు, "మన గేదెలే నయం, పిలిస్తే వస్తాయి" అన్నావు. తర్వాత ఇసుకలో నడిచాం. ఎప్పటిలాగే నేను ముందు, నువ్వు వెనక. "ఎంత దూరం వచ్చాం?" అని అడిగావు. నేను పలకలేదు. "ఒక్క మాట చెబితే మీకేం పోతుంది?" అన్నావు. అప్పుడూ పలకలేదు.

తెల్లారాక టీ గ్లాసు పట్టుకుని కాస్త ఆయాసంగా ఉందన్నావు. అంతే.

ఈసారి డర్బన్‌లో మమ్మల్ని వ్యాన్‌లో ఎక్కించుకున్నది థాందీ అనే ఆవిడ, అక్కడి జులూ జాతి మనిషి. మన పద్మ కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. మెడలో పూసల పట్టీ, స్టీరింగ్ పక్కన మొక్కజొన్న కంకి. దారంతా చెరకే. కొండల మీద గుండ్రటి ఇళ్ళు. ఒకచోట ఖడ్గమృగం కనిపిస్తే వ్యాన్ ఆపి చూపించింది. మనవరాలు అప్పుడు ఎన్ని గంటలు వెతికింది దాని కోసం! ఇప్పుడేమో చూసేవాళ్ళు లేరు.

నువ్వు ఇక్కడే పోయావని పద్మ ఇంగ్లీషులో చెప్పినట్టుంది. థాందీ వెనక్కి తిరిగి నన్ను చూసి ఏదో అడిగింది. పద్మ తెలుగులో చెప్పింది: అమ్మని పోయిన చోటి నుంచి పిలిచి తీసుకెళ్ళారా, అని అడుగుతోందట. అస్థికలు కలిపామని పద్మ చెబితే, అది ఒంటికి చేసిన పని, మనిషిని పిలిచారా అని మళ్ళీ అడిగింది.

పిలవలేదు కదా...

వాళ్ళలో ఎవరైనా ఊరుగాని ఊళ్ళో పోతే, ఇంటివాళ్ళు ఒక ముళ్ళ కొమ్మ తీసుకుని ఆ చోటికి వెళ్తారట. పేరు పెట్టి పిలిచి, ఇంటికి పోదాం రా అంటారట. పోయిన మనిషి ఆ కొమ్మ వెంట వస్తుంది. బస్సులో తనకీ ఒక సీటు ఉంచుతారు. కొమ్మ పట్టుకున్నవాళ్ళు దారిలో ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. తనకి మాత్రం చెబుతూ ఉండాలి, ఇదుగో ఏరు దాటుతున్నాం, ఇదుగో బస్సెక్కుతున్నాం అని. థాందీ వాళ్ళ నాన్న గనిలో పోతే, బాబాయి అలాగే రైల్లో మాట్లాడుకుంటూ తీసుకొచ్చాడట.

 నువ్వు జీవితమంతా అడిగింది అదే కదా.

థాందీ రోడ్డు పక్కన ఆ చెట్టు చూపించింది. చూడగానే పోల్చాను. మన రేగులాంటిదే. కణుపుకి రెండు ముళ్ళు, ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా. మనం ఎన్నిసార్లు గీరుకోలేదు చేతులు! నువ్వు పెట్టే రేగు వడియాలు గుర్తొచ్చాయి.

అప్పుడు మనం దిగిన గదికే వెళ్ళాం. కొమ్మ నా చేతిలో పెట్టి ఇద్దరూ బయటికి వెళ్ళారు. పేరు గొంతులోంచి రాదే! సిగ్గు. ఈ వయసులో, ఎవరూ లేని గదిలో, పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడానికి సిగ్గేమిటి? మూడోసారికి వచ్చింది. కోటేశ్వరీ, ఇంటికి పోదాం రా, అన్నాను.

వ్యాన్‌లో కిటికీ పక్క సీటు నీకు వదిలాను. ఆ రోజు నేను ఎంత మాట్లాడానో... ఇదుగో వంతెన. ఇదుగో చెరకు బండి అడ్డమొచ్చింది. అదుగో సముద్రం, నీ ఎడమ చేతి వైపు. పద్మ ముందు సీట్లో కళ్ళు తుడుచుకుంటోంది. ఎయిర్‌పోర్టులో ఎవరు పలకరించినా నేను నోరు విప్పకపోతే, మా నాన్నకి మాటలు తక్కువ అని సర్దింది. నువ్వు నలభై ఏళ్ళు చుట్టాలకి చెప్పిన మాటే.

కొమ్మని మాత్రం అమెరికాలోకి రానివ్వరని పద్మ ముందే చెప్పింది.  కొమ్మ లేకపోతే నువ్వు దేన్ని పట్టుకుని వస్తావు? థాందీ కొమ్మని తను తీసుకుని, ఇక గొంతు వెంట వస్తుంది, మాట ఆపొద్దు అందట. అప్పుడు తోచింది. తిరునాళ్ళలో జనం తోసుకుంటుంటే నువ్వు నా కండువా కొస పట్టుకునేదానివి. పెట్టెలోంచి కండువా తీసి స్వెటర్ మీద వేసుకున్నాను. పట్టుకో, అన్నాను.

రెండు విమానాలు మారాం. మబ్బులొస్తే మబ్బులని చెప్పాను, అన్నం పెడితే ఏం పెట్టారో చెప్పాను. పక్కాయన లేచి ఇంకో సీటుకి పోయాడు.

ఇక్కడ దిగాక పాస్‌పోర్టు చూసే ఆఫీసరు నన్నే ఏదో అడిగాడు. పద్మ చెప్పబోతే వద్దన్నాడు, ఈయనే చెప్పాలట. ఇంక తప్పలేదు. ఒక్క నిమిషం ఆగు, ఈయనకి చెప్పి వస్తాను, అని నీతో అని, ఆయనకి నా పేరు చెప్పాను. అంతే చెప్పాను. ఆ ఒక్క మాటకి నీ చెయ్యి జారిపోలేదు కదా? కండువా సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాను. వినిపించిందా?

ఇంటికొచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఇదుగో గుమ్మం, కాస్త ఎత్తు, చూసుకో, అన్నాను. పద్మ తలుపు తీసి పక్కకి జరిగింది. నేను లోపలికి వచ్చాక కూడా మూయలేదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. అంత చలిలో...

వచ్చావో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. నువ్వూ పలకడం లేదు. ఇన్నేళ్ళూ నీకు ఎలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

రేపు పొద్దున చెరువు దాకా నడకకి వెళ్తాను. మెల్లిగానే నడుస్తాను. కండువా వేసుకుంటాను. ఎంత దూరం వచ్చామో నువ్వు అడగక్కర్లేదు, నేనే చెబుతూ ఉంటాను.

పద్మ వాళ్ళ నాన్న