ఫ్రిజ్ అయస్కాంతం కింద

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. మొక్కలకు నీళ్ళు సాయంత్రమే పోయాలి. మీ జవాబుపత్రాలు బల్లమీద ఉన్నాయి, ఈసారి మీరే దిద్దుకోండి.

మన కాలేజీ విద్యార్థులను విదేశీ మ్యూజియాలకు తీసుకువెళ్ళే పని మీనుంచి తప్పించి ఎవరికిచ్చారో తెలియక నెలరోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు కదా, ఆ మనిషిని నేనే. మీరు అక్కడ ఏటా చదివే ఉపన్యాసాలు ఎవరు రాశారని కొత్త ప్రిన్సిపాల్‌గారు అడిగారు. చెప్పాను. "నువ్వు ఇల్లూ కాలేజీ దాటిందెప్పుడు, నీకు దారులేం తెలుసే!" అని, నిరుడు నేనూ వస్తానన్నప్పుడు స్టాఫ్‌రూములో అందరూ వింటుండగా నవ్వారు మీరు. ఇదిగో, దాటుతున్నాను.

అన్నట్టు, నేను రాసిపెట్టినందుకు ఏటా అక్కడినుంచి నాకొక ఫ్రిజ్ అయస్కాంతం తెచ్చేవారు. ఈ చీటీని పట్టుకున్నది వాటిలో ఒకటే. మీకూ ఒకటి తెస్తాను.