మంగళ, గురు, శనివారాల టెస్ట్ డ్రైవ్

షోరూం మేనేజరు గారికి నమస్కారం.

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళు నన్ను మోసిన కారు పోయిన వారం మా గేటు ముందే ప్రాణం విడిచింది. సరిగ్గా మా ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయిన వారమే! మంగళ, గురు, శనివారాల్లో పొద్దున తొమ్మిదిన్నరకి ఆవిణ్ణి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. మొత్తం ఇరవై నాలుగు సార్లు. ఒక్కరోజు మానినా మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరమ్మ బెదిరించింది. ఆవిడ మళ్ళీ నడిస్తే చాలు, నాకింకేం అక్కర్లేదు.

మీ షోరూంకి వచ్చి, రోజూ నమ్మకంగా స్టార్టయ్యే కారు కావాలన్నాను. మీ సేల్స్ అమ్మాయి నలభై నిమిషాలు కారు పైకప్పు తెరిచి మూసి చూపించింది. "ఆకాశం మా ఇంటి దగ్గర ఊరికే కనిపిస్తుందమ్మా, ఇది స్టార్టవుతుందా?" అంటే, "సీట్లు చల్లబడతాయి సార్" అంది.

మీ బోర్డు మీద 'మీకు నచ్చేదాకా మీ గుమ్మం ముందే టెస్ట్ డ్రైవ్' అని ఉంది. నిజమేనా?

ఇట్లు,
పైకప్పుతో పనిలేని కస్టమరు

తా.క.: ఇంతకీ మీరు షోరూంకి ఏ కారులో వస్తారు?

*

గౌరవనీయులైన కస్టమరు గారికి,

మా బోర్డు మీద ప్రతి అక్షరం నిజం. మంగళవారం తొమ్మిదింటికి కారూ, డ్రైవరూ తమ గుమ్మం ముందుంటారు. తమకు నచ్చేదాకా మేం నిద్రపోం.

తమ విధేయుడు,
మేనేజరు

తా.క.: నేను ఎలా వస్తాననేది తర్వాత మాట్లాడుకుందాం.

*

మేనేజరు గారికి,

కారు వచ్చింది. స్టార్టయింది కూడా. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తుంది. కానీ సీటు మరీ కిందికి ఉంది. మా ఆవిడ కూర్చోడం కూర్చుంది గానీ, లేపడానికి ఇద్దరం పట్టాం. గురువారం ఇంకో కారు పంపండి. తొమ్మిదింటికే సుమా! ఇంజను గుణం ఆ వేళకే బాగా తెలుస్తుంది.

ఇట్లు,
ఇంకా తేల్చుకోని కస్టమరు

తా.క.: మీ డ్రైవరు క్లినిక్ బయట గంటన్నర ఆగాడు. ఆగి ఉన్నప్పుడు కారు ఎలా ఉంటుందో కూడా చూడాలి కదండీ.

*

గౌరవనీయులకు,

తమ పరిశీలనకు జోహార్లు. తమ స్థాయికి చిన్న కార్లు చాలవని గ్రహించి, ఈసారి ఏడు సీట్లది పంపుతున్నాను.

తమ విధేయుడు,
మేనేజరు

*

మేనేజరు గారికి,

నా స్థాయి సంగతి సరే, మా ఆవిడ ఎక్కడానికి నిచ్చెన కావాల్సొచ్చింది. ఉన్నది ఇద్దరం. మిగతా సీట్లలో ఎవర్ని కూర్చోబెట్టమంటారు, నా గోడ గడియారాల్నా? ఆ తర్వాత పంపిన కారు "బెల్టు పెట్టుకోండి" అని మా ఆవిణ్ణి గద్దించింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేనే అంత సాహసం చెయ్యలేదు.

ఐదు వారాలైనా ఏదీ నచ్చలేదు. ఇంకో మూడు వారాల్లో కచ్చితంగా తేలిపోతుంది.

ఇట్లు,
అదే కస్టమరు

తా.క.: నిన్న మీ డ్రైవరు ఆరు నిమిషాలు ఆలస్యం. గడియారాలవాడి దగ్గరా ఈ వేషాలు?

*

మేనేజరు గారికి,

మీకు నిజం చెప్పాలి. ఇరవై నాలుగూ అయిపోయాయి. నిన్న మా ఆవిడ చేతికర్ర గోడకి ఆనించి, వంటింట్లోంచి గేటు దాకా ఒక్కతే నడిచింది. నాకు ఏడుపు ఆగలేదు.

మొదటి వారం నిజంగానే కొందామనుకున్నాను. తర్వాత సిగ్గు విడిచి మీ కార్లు వాడుకున్నాను. ఇక కారు కొనను. కొట్టుకి నేను నడిచే వెళ్తాను, ఆవిడా నాతో నడుస్తానంటోంది. తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

ఇట్లు,
మీకు ఎంతో రుణపడ్డవాడు

తా.క.: మీ కారేదో మీరు చెప్పనేలేదు.

*

అయ్యా,

తిట్టడమెందుకండీ! మా డ్రైవరు రెండో రోజే టెస్ట్ డ్రైవుల పుస్తకంలో 'ఎక్కడికి' అన్నచోట 'మోకాలికి' అని రాశాడు. నాకప్పుడే అర్థమైంది.

మా షోరూంకి ఏడాదిగా ఈగ కూడా రావడం లేదు. అమ్మకాలు ఎలాగూ లేవు, నెలకి పన్నెండు టెస్ట్ డ్రైవులైనా చూపించకపోతే మూసేస్తామని పై ఆఫీసువాళ్ళు ఉత్తరం రాశారు. ఆ మర్నాడే మీ ఉత్తరం వచ్చింది. వారానికి మూడు చొప్పున నెలకి సరిగ్గా పన్నెండు! ఎక్కడ నచ్చేసి, ఒక కారు కొనేసి టెస్ట్ డ్రైవులు ఆపేస్తారోనని హడలిపోయి, రోజుకో కారు మార్చి పంపాను. ఏడు సీట్లది కాస్త అతి చేశాను, అమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. ఆవిడ నడిచారు, మా షోరూం నిలబడింది. చాలా సంతోషంగా ఉందండీ.

ఇట్లు,
మీ మేనేజరు

తా.క.: నేను బస్సులో వస్తాను. రోజూ స్టార్టవుతుంది.

ఇంకో తా.క.: కొత్త నెల మొదలైంది. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?