నల్ల తెమడ

బాపూ,

మా దవాఖాన ల్యాబుకు కొత్త మైక్రోస్కోపు వచ్చింది. ఇందులో టీబీ క్రిములు చీకట్లో పసుపుపచ్చగా మెరుస్తాయి. పాతదానిలో కళ్లు గుంజేదాకా వెతికినా దొరకనివి కూడా చాలాసార్లు కనబడతాయి.

ఈ పొద్దున ఒక బొగ్గుబాయి కార్మికుడు భార్యతో వచ్చి, పరీక్షకు డబ్బీ ఇచ్చాడు. అందులో నీళ్లలాంటి ఉమ్మి మాత్రమే ఉంది.

"లోపల్నుంచి దగ్గితే వచ్చే తెమడ కావాలె కాకా," అన్నాను.

"అది బొగ్గు లెక్క నల్లగుంటది బిడ్డా. ఆడపిల్ల చేతికెట్లియ్యాలె? ఇంట్లనే ఊంచేసి, నోరు కడుక్కొని వచ్చిన."

"నా ముంగట రోజూ ఊంచుతడు. సిగ్గంత నీ కోసం దాసిపెట్టిండు," అంది ఆయన భార్య.

ఆయన బయటికి వెళ్లి దగ్గి, నల్ల తెమడ తెచ్చి, మొహం తిప్పుకుని ఇచ్చాడు. స్లైడు మీద క్రిములు మెరిశాయి. ఆయనకు రేపటి నుంచి మందులు ఇస్తారు.

అప్పట్లో నీ తెమడ పరీక్షలో ఏమీ లేదని రాసిచ్చారు. నువ్వూ బాయిలో పనిచేసేవాడివే కాబట్టి బొగ్గుదుమ్ము దగ్గే అనుకున్నాం. టీబీ అని తేలేసరికి ఏ మందూ పనిచేయని దశ వచ్చింది. పరీక్ష రోజు నువ్వు తెమడంతా ఇంట్లోనే ఉమ్మేసి, పుక్కిలించి, నోరు శుభ్రంగా కడుక్కునే డబ్బీ నింపావని అమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

సాయంత్రం ఆమెకు కొత్త మైక్రోస్కోపు సంగతి చెప్పాను.

"గప్పుడే ఇది ఉంటే మీ బాపు బతికేటోడు గదా బిడ్డా?" అంది.

ఆ శుభ్రమైన ఉమ్మిలో దీనికి కూడా ఏమీ కనబడేది కాదు, బాపూ. అమ్మతో మాత్రం అవునన్నాను.