రెండుసార్లు మోగే గంట

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ మన ఫైర్ స్టేషన్ కొత్త బిల్డింగ్ తెరిచారు. రమ్మంటే వెళ్లాను. స్టేషన్ చరిత్ర చెప్పడానికని ఒక గదినిండా పాత ఫొటోలు తగిలించారు. నువ్వు నడిపిన ఇంజన్ ఎప్పుడో తుక్కు కిందికి పోయింది గానీ, దాని ఇత్తడి గంటను తోమి బల్ల మీద పెట్టారు. సైరన్ వచ్చాక కూడా నువ్వు ఊడదీయనివ్వని గంట.

"సైరన్ లేని రోజుల్లో జనాన్ని పక్కకు జరపడానికి దీన్ని కొట్టేవారు" అని కొత్త ఆఫీసరు అందరికీ చెప్పాడు.

నీతో పనిచేసిన యాకూబ్ భాయ్ ఊరుకుంటాడా?

"గంతేనా సారూ? మంటలార్పి వాపస్ వచ్చేటప్పుడు మా జోసెఫన్న ఇంటి మలుపు కాడ రెండుసార్లు కొట్టెటోడు. వదినె నీళ్లు కాగబెట్టాలె గద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎండాకాలం అడవి పక్క గూడేల్లో ఇళ్లు అంటుకుంటే నువ్వు మర్నాటికి గానీ వచ్చేవాడివి కాదు. ఆ గంట వినపడేదాకా నీకేమైందోనన్న భయంతో నేను పొయ్యి దగ్గరికే పోయేదాన్ని కాదని యాకూబ్ భాయ్‌కి ఏం తెలుసు?

"కొట్టు వదినె" అన్నాడు. రెండుసార్లు కొట్టాను.

ఇంటికొచ్చి నీళ్లు కాగబెట్టాను. ఒక్కదానికి బకెట్ చాలు. నీ ఒంటి మసి వదలడానికి ఎన్ని కావాలో అన్ని పెట్టాను.