తిరుమలరావు తెల్ల కారు

రాజాం,
12 నవంబరు 2025, బుధవారం.

చిరంజీవి మెర్సీకి,

మామ్మ దీవించి రాసేది. దేవుని కృప వల్ల ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం కోసం రెండు పూటలా ప్రార్థన చేస్తున్నాను. ‘అందరం క్షేమం’ అని రాయడం వాడుక. ఈ ఇంట్లో అందరూ అంటే నేనొక్కదాన్నే కనుక ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఎప్పుడూ రాసే శనివారం దాకా ఆగకుండా ఇవాళే రాయడానికి కారణం ఉంది. నిన్న ఆ కారు యజమాని తిరుమలరావు ఇంటికి వచ్చాడు. ఫోన్లో చెప్పవచ్చు గాని నువ్వు బస్సులో ఉంటావు, సగం వినపడదు. పైగా పోయిన ఉత్తరంలో రాసిన మాటను కాగితం మీదే దిద్దాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కంటి చుక్కలు రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నాను, ఒక్కసారీ మానలేదు. మోకాలు చలికి పట్టేస్తోంది, కర్ర మాత్రం కొనకు. ఏసురాజు బాబాయి వచ్చాడా అని అడిగావు. వచ్చాడు. ఆదివారం పదకొండింటికి శ్రీకాకుళం నుంచి వచ్చి పదకొండూ నలభైకి వెళ్ళిపోయాడు. కారు తాళం చేతిలోనే పట్టుకుని టీ తాగాడు. అన్నం తిని వెళ్ళరా అంటే, “ఇంకోసారి తింటానులేమ్మా, లేటయిపోద్ది” అన్నాడు.

నీ నాలుగో ప్రశ్న, ‘మామ్మా, ఆ కారు నిజంగా అంత పాడైపోయిందా?’ అన్నది. దానికి జవాబు కాస్త ఆగి రాస్తాను.

తగరపువలస ఆసుపత్రిలో డ్యూటీ దిగి వానలో హైవే పక్కన యాభై నిమిషాలు నిలబడ్డావని రాశావు. మూడు బస్సులు ఆపకుండా పోయాయని, మర్నాడు జ్వరంతోనే మళ్ళీ డ్యూటీకి వెళ్ళావని రాశావు. ‘మామ్మ చూసి వద్దన్న కారు కదా, ఇంకోటి దొరికేదాకా ఇంతే’ అన్నావు. ఆ మాట దగ్గర కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ కారు చూసిన రోజు మెకానిక్ ఎర్రన్నను వెంట తీసుకువెళ్ళాను. బానెట్ ఎత్తించాను. ఆయిల్ పుల్ల తీయించి తెల్లగుడ్డకు తుడిపించాను. స్టెప్నీతో సహా ఐదు టైర్లూ చూశాను. సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్లను మీటరుతో సరిపోల్చాను. 2013 బండి, 68,412 కిలోమీటర్లు. ఎర్రన్న నవ్వాడు.

“ఏటి టీచరమ్మా, బండికి పెళ్ళిసూపులా? ఇంకేటి, పాట పాడమంటావా?”

“నోరు మూసుకుని బ్రేకులు చూడు” అన్నాను.

ఇక నిన్నటి సంగతి. తిరుమలరావు ఎవరో నీకు తెలియదు. ధాన్యం వ్యాపారి, ఏడో తరగతిలో నా దగ్గర చదువుకున్నాడు. చూపు తగ్గిందని, ఇక బండి నడపవద్దని డాక్టరు చెబితే కారు అమ్మకానికి పెట్టాడు. యాభై ఐదేళ్ళ మనిషి, కుర్చీ వేసినా కూర్చోలేదు.

“టీచరమ్మా, నా బండిలో లోపమేటో సెప్పండి, బాగు సేయించుకుంటాను. పాలకొండ నుంచి ఒకడొచ్చాడు, బొబ్బిలి నుంచి ఒకడొచ్చాడు. టీచరమ్మ సూసి వద్దందంట గదా అని ఇద్దరూ ఎల్లిపోయారు. ఎర్రన్న బాగుందని సెప్తే, నీకేటి తెలుసు, ఆవిడకి తెలుస్తాది అంటన్నారు.”

“బండిలో లోపం లేదురా” అన్నాను.

“మరెందుకు వద్దన్నారమ్మా?”

ముప్పై నాలుగేళ్ళు పిల్లలను బెంచీ ఎక్కించి తప్పు ఒప్పించినదాన్ని. టీ పెట్టడానికని లోపలికి వెళ్ళాను. అతను టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, మళ్ళీ అడగకుండా వెళ్ళిపోయాడు.

మెర్సీ, ఆ రోజు ఎర్రన్న అన్నది ఇది: “బండి బంగారమమ్మా. ఏసీ ఒకటి సల్లగా రాదు, ఎనక టైర్లు రెండూ మార్సాలి. అంతే.” ఇంజను ఆయిల్ తాగేస్తోందని నీకు రాసినది నేను కల్పించిన మాట.

ఎందుకు రాశానో కూడా రాయాలి. నువ్వు శనివారం వస్తే, సాయంత్రం హైవే మీది చిలకపాలెం చేరేసరికి నువ్వుండే భోగాపురానికి బస్సు అందదని రాత్రి ఇక్కడే పడుకుంటావు. ఈ సంవత్సరం అలా పంతొమ్మిది రాత్రులు, డైరీలో ఉన్నాయి. ఏసురాజు కారు కొనకముందు ఏడాదిలో పదకొండు రాత్రులు ఇక్కడ పడుకున్నాడు. కొన్నాక ఒక్కటీ లేదు. వాడు చెడ్డవాడు కాదు. వెళ్ళే వీలుంది, వెళ్తున్నాడు. ఆ తెల్ల కారు తలుపు తీసి చూస్తుంటే నాకు కిటికీ పక్కన నీ మంచం గుర్తొచ్చింది. శనివారం పొద్దున్నే దాని దిండు గలేబు మారుస్తాను. వారంలో నేను ఇంకొకరి కోసం చేసే పని అదొక్కటే. అది పోతుందని భయపడ్డాను. ఆ భయాన్ని నీ చేత వానలో మోయించాను.

ఇక జరగవలసినవి:

1. రేపు ఉదయం నేను తిరుమలరావు కొట్టుకు వెళ్ళి, నలుగురూ ఉండగా, బండి మంచిదని, నేనే అబద్ధం రాశానని చెప్తాను. ఎర్రన్న కూడా ఉండాలి.

2. 22వ తేదీ శనివారం నువ్వు వచ్చి, పాలకొండ దాకా స్వయంగా నడిపి చూడాలి. ఈసారి నా మాట నమ్మవద్దు.

3. నచ్చితే వెనక టైర్లు రెండూ మార్పించాలి. కాగితాలూ ఇన్సూరెన్సూ నీ పేరుకు మారేదాకా రోడ్డెక్కకూడదు.

4. పాస్టరుగారు బండి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆయన కుదించరు కనుక ఇంజను ఆపి ఉంచాలి.

5. చీకటి పడ్డాక బండి తీయకూడదు, రాజాం వస్తే రాత్రి ఇక్కడే ఉండాలి. ఈ అంశం కొట్టివేస్తున్నాను. ఇది నీ క్షేమం కోసం రాసినది కాదు.

6. వచ్చినప్పుడు తాళం బల్ల మీద పెట్టి టీ తాగాలి. నలభై నిమిషాలైనా సరే.

ఇట్లు,
నీ మామ్మ