నెమలిపువ్వు

మార్చి 4

మూడో చెరువులో గుర్రపుడెక్క కలుపు మళ్ళీ తలెత్తింది. నడుం లోతు నీళ్ళలో దిగి నాలుగు బళ్ళ డెక్క లాగేశాను. ఇంకా మిగిలింది. పదిహేను రోజులు చూడకపోతే రెట్టింపయ్యే జాతి అది. నా తెల్ల కలువలు ఆ మూలే ఉన్నాయి. పదకొండేళ్ళ క్రితం నా చేత్తో గడ్డలు నాటాను. ఈ పార్కులో ఇంకెక్కడా లేవు.

టికెట్ కౌంటర్లో కూర్చునే మా ఆవిడకు కలువలంటే చిన్నచూపు. రాత్రి విచ్చుకుని, గేటు తీసిన గంటకల్లా ముడుచుకునే పువ్వుకి టికెట్ ఎవరు కొంటారట. జనాన్ని చూస్తే మొహం చాటేసే రకమట, అచ్చం నాలాగే. నవ్వాను. నిజమే కదా.

మార్చి 9, ఉదయం 11

నోరు జారాను.

ఒకాయన కూతుర్ని భుజాన ఎక్కించుకుని గట్టు మీద నిలబడి, ఆ ఊదా పూల పేరేంటని అడిగాడు. నేను బురదలో ఉన్నాను. వీపు పట్టేసింది. అంత ముచ్చటగా అడిగితే డెక్క అని చెప్పబుద్ధి కాలేదు. పై రేకు మీద పసుపు మచ్చ నెమలికన్నులా ఉంటుంది కదా, నెమలిపువ్వు అన్నాను. అక్కడితో ఊరుకున్నానా, వందేళ్ళకోసారి పూస్తుందని కూడా అన్నాను. నా వాలకం చూస్తే జోకని తెలుస్తుందనుకున్నాను. ఆయన వీడియో తీస్తున్నాడు.

మార్చి 10

ఇంట్లో చెబితే, మీ నోటికో తాళం కొనాలి అంది మా ఆవిడ.

మార్చి 17

ఆ వీడియో ఎందరు చూశారో గానీ, క్యూ రోడ్డు మీదికి వచ్చింది. నోరు తెరిస్తే నెమలిపువ్వు ఎక్కడ అనేవాళ్ళే. మా ఆవిడకు అన్నం తినే తీరిక కూడా దొరకలేదు. మేనేజర్ నా భుజం తట్టాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

మార్చి 18

మేనేజర్ పిలిచి, ఇక మూడో చెరువు జోలికి వెళ్ళొద్దన్నాడు. సార్, అది ఉత్త కలుపు, నేనే సరదాకి పేరు పెట్టానని చెప్పాను. నాకు తెలీదేంటయ్యా అన్నాడు. మరి అన్నాను. జనం వస్తున్నారు కదా అన్నాడు. నీళ్ళు కుళ్ళిపోతాయి, కలువలు చచ్చిపోతాయి అని బతిమాలాను. ఆ కలువల్ని ఇన్నాళ్ళలో ఎవరైనా చూశారా అని అడిగాడు. నేను చూశాను అని నోటిదాకా వచ్చింది.

రబ్బరు ప్యాంటు, కొక్కెం కర్ర స్టోర్లో అప్పగించి వచ్చాను.

మార్చి 30

బోర్డు పెట్టారు. నెమలిపువ్వు. దాని కింద, వందేళ్ళకోసారి.

ఏప్రిల్ 6, ఉదయం 5:30

పోయినేడు ఈపాటికి కలువలు రోజూ ముప్ఫై దాకా పూసేవి. ఇవాళ ఆరు. గట్టు మీద బోర్లా పడుకుని చేతికందిన డెక్కంతా పీకాను. చెయ్యి ఎంత దూరం అందుతుంది? వాచ్‌మన్ వచ్చి, కెమెరాలున్నాయన్నా, నీతో పాటు నా ఉద్యోగం కూడా పోతుంది అన్నాడు. లేచి బట్టలు దులుపుకున్నాను. అతనికీ పెళ్ళాం పిల్లలున్నారు.

ఏప్రిల్ 19

చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. డెక్క కింద గాలి లేదు, వెలుతురు లేదు. చేపలు ముద్దులు పెడుతున్నాయని పెద్దవాళ్ళు పిల్లలకు చూపిస్తున్నారు. ఒకావిడ బిస్కెట్లు వేసింది.

అడిగినవాళ్ళకల్లా నిజమే చెబుతున్నాను. ఇది కలుపండీ అంటే నవ్వుతున్నారు. ఒకాయన నన్ను బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి, పనిచేసే చోట ఏముందో తెలుసుకోవాలి పెద్దాయనా అన్నాడు. నాకు నలభై ఆరు.

చేజేతులా చేసుకున్నాను. ఎవర్ని తిట్టుకోను?

ఏప్రిల్ 27

ఒక్కటి మిగిలింది. పొద్దున్నే కౌంటర్ తెరవబోతూ మా ఆవిడ, ఇవాళ విచ్చుకుందా అని అడిగింది. ఎప్పుడూ అడగని మనిషి. విచ్చుకుందన్నాను. వచ్చి చూసింది. గట్టు మీద నుంచి వంగి, దీనికి వాసన కూడా ఉందే అంది.

మే 2

ఫోటోలు తీసేవాళ్ళను ఇప్పుడు ఉదయం ఆరింటికే లోపలికి వదులుతున్నారు. పెళ్ళి కుదిరిన జంట ఒకటి వచ్చింది. నేను గట్టు ఊడుస్తున్నాను. ఫోటోగ్రాఫర్ కెమెరా స్టాండుతో నీళ్ళలో ఏదో లాగుతున్నాడు. చీపురు పారేసి పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది. ఊదా పూల మధ్య కలుపు మొక్కొకటి అడ్డమొచ్చింది, తీసేశాను, ఏమనుకోకండి అన్నాడు. చెత్తలో వెయ్యమని నా చేతికే ఇచ్చాడు.

నా ఆఖరి కలువ, గడ్డతో సహా వచ్చేసింది. నొక్కి చూశాను. కుళ్ళి, వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. అతను లాగకపోయినా ఇంకో వారం బతికేది కాదు.

పర్లేదండి అన్నాను.

మే 3

మా ఆవిడ ఆ కలువ పువ్వును నీళ్ళ సీసాలో పెట్టి టికెట్ కిటికీలో ఉంచింది. క్యూలో సెలవుల హోంవర్కుకి నోట్ పుస్తకం పట్టుకున్న స్కూలు పాప, పక్కనే ఊడుస్తున్న నన్ను దాని పేరడిగింది.

గుర్రపుడెక్క అన్నాను.

రాసుకుంది.